కీటన్‌ని ముంచింది టాకీలేనా?

‘స్పైట్ మ్యారేజ్’ మొదలుపెట్టే ముందు హాలీవుడ్ హాస్యనటుడు బస్టర్ కీటన్ ఎంజీఎం స్టూడియో పెద్దల్ని ఒకటి అడిగాడు. ఈ సినిమాని టాకీగా తీద్దాం అన్నాడు. వాళ్ళు కుదరదన్నారు. 1929లో ఆ సినిమా మాటల్లేకుండానే, సంగీతమూ చప్పుళ్ళూ మాత్రం తగిలించుకుని థియేటర్లకి వచ్చింది. మూకీల్లో అంత పేరున్న నటుడు మాట కావాలంటే, స్టూడియో వద్దంది.

కీటన్ గురించి ఎక్కడ చదివినా ‘టాకీలు వచ్చాయి, మూకీ నటులు కొట్టుకుపోయారు, వాళ్ళలో ఇతనొకడు’ అన్న వాక్యం ఏదో రూపంలో తగులుతుంది. ఇది చెప్పడానికి తేలిక, వినడానికి నమ్మేలా ఉంటుంది. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే నిలబడదు. నా లెక్కలో కీటన్ పతనం 1928 జనవరిలో, ఎంజీఎం ఒప్పందం మీద సంతకం పెట్టిన నాడే మొదలైంది. అప్పటికి అతని సినిమాల్లో ఒక్క మాట కూడా వినపడలేదు. ఆ సంతకంతో చేజారింది అతని పని పద్ధతి. అదెలాంటి పద్ధతో దగ్గరగా చూడకపోతే నా వాదన గాలిమాట అవుతుంది కాబట్టి ముందు పని గురించే చెప్తాను.

1895 అక్టోబర్ 4న అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని పిక్వా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పెట్టిన పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటన్. అమ్మానాన్నలు మైరా, జో ఊరూరా తిరిగే మందుల షోలో ఆడేవాళ్ళు. ఆటపాటలతో జనాన్ని పోగేసి, చివర్లో సీసా మందు అమ్మే బృందం అది. సురభి కుటుంబాల పిల్లలు తెర వెనకాలే పుట్టి తెర ముందుకు నడిచొచ్చినట్టే బస్టర్ కూడా ఐదేళ్ళకే స్టేజి ఎక్కాడు. ‘ముగ్గురు కీటన్లు’ అని వాళ్ళ అంశం పేరు. అందులో తండ్రి కొడుకుని ఎత్తి సెట్టు మీదకీ, ఒక్కోసారి వాద్యబృందం కూర్చునే గుంటలోకీ విసిరేవాడు. పిల్లాడి కోటు వెనక, వీపు మీద, పెట్టెకి ఉండే పిడి ఒకటి కుట్టారు, విసరడానికి పట్టు దొరకాలని. బాలల మీద క్రూరత్వాన్ని అడ్డుకునే న్యూయార్క్ సంఘం వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ కుటుంబం వెంట పడ్డారంటే పడరా మరి.

ఆ స్టేజి మీద అతను రెండు సంగతులు నేర్చుకున్నాడు. మొదటిది పడటం. బిగుసుకుని పడితే ఎముక విరుగుతుంది. ఒళ్ళు వదులుగా వదిలేసి, నేలకి తగిలే క్షణంలో చేత్తోనో కాలితోనో ఆ దెబ్బని ముందుగా అందుకోవాలి. రెండోది మొహం. తాను నవ్వితే జనం నవ్వట్లేదు, తాను ఎంత గంభీరంగా ఉంటే అంత ఎక్కువ నవ్వుతున్నారు. ‘రాతిముఖం’ అని తర్వాత బిరుదులా మోసుకొచ్చిన ముఖం ఇక్కడ తయారైంది. నిజానికి అది రాయేం కాదు. కళ్ళు చూడండి. లెక్క వేస్తుంటాయి, భయపడుతుంటాయి, ప్రేమిస్తుంటాయి. నోరొక్కటే కదలదు.

టోపీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మనిషి స్వభావం అందులో ఉంది. చదునుగా, పళ్ళెంలా ఉండే ఆ టోపీ ఏ కొట్లోనూ దొరకదు. మంచి ఫెల్టు స్టెట్సన్ టోపీ కొని, ఎత్తు తగ్గించి కోసి, తనే తయారు చేసుకునేవాడు. అంచు గట్టిగా నిలవడానికి పంచదార నీళ్ళు. ఒక టీకప్పు గోరువెచ్చటి నీళ్ళలో మూడు చెంచాల పంచదార, నిండుగా గోపురం కట్టేలా తీసుకోవాలి. అంచుకి పైనా కిందా ఆ నీళ్ళు పట్టించి, శుభ్రమైన గట్టి బల్ల మీద ముడత లేకుండా సాపు చేసి ఆరనివ్వాలి. మన ఇళ్ళల్లో నూలు చీరకి గంజి పెట్టినట్టే. చిక్కేమిటంటే నీళ్ళలో పడితే పంచదార కరిగిపోతుంది, అంచు వేలాడిపోతుంది. కీటన్ సినిమాల్లో నీళ్ళలో పడని హీరో లేడు. అందుకని ఒక్కో సినిమాకి ఇలాంటి టోపీలు కొన్ని ముందే చేసి పెట్టుకోవలసి వచ్చేది. ఏ వస్తువుతో నవ్వించాలన్నా ముందు ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తప్పుతుందో తనే తెలుసుకోవాలన్న పట్టుదల అది.

1917లో తండ్రి తాగుడు వల్ల కుటుంబ బృందం చెదిరిపోయింది. న్యూయార్క్‌లో ఒక పెద్ద రంగస్థల ప్రదర్శనలో వారానికి 250 డాలర్ల అవకాశం చేతిలో ఉండగా, రాస్కో ఆర్బకిల్ అనే హాస్యనటుడి స్టూడియో చూడటానికి వెళ్ళి అక్కడే వారానికి 40 డాలర్లకి ఉండిపోయాడు. తన మొదటి సినిమా ‘ది బుచర్ బాయ్’ తీస్తున్నప్పుడే కెమెరాని భాగాలుగా విప్పి చూశానని తర్వాత చెప్పుకున్నాడు. లెన్సు వెనక ఫిల్ము ఎలా నడుస్తుంది, షట్టరు ఎప్పుడు మూసుకుంటుంది, కత్తిరించి అతికిస్తే ఏమవుతుంది అన్నవి అతనికి నటన కంటే ముందొచ్చిన ప్రశ్నలు. 1918లో సైన్యంలోకి తీసుకుని ఫ్రాన్స్ పంపారు. అక్కడ చెవికి సోకిన జబ్బుతో వినికిడి కొంత పోయింది, తిరిగి రాలేదు.

1920లో నిర్మాత జోసెఫ్ షెంక్ అతనికి ఒక స్టూడియో అప్పగించాడు. అంతకు ముందు చాప్లిన్ పనిచేసిన చోటే అది. జీతం వారానికి 1,000 డాలర్లు, లాభాల్లో నాలుగో వంతు. స్టూడియోకి పేరు కీటన్‌దే, కంపెనీలో మాత్రం అతనికి ఒక్క వాటా కూడా లేదు. ఆ సంగతి అప్పట్లో అతను పట్టించుకోలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత అదే అతని మెడకు చుట్టుకుంది.

ఆ స్టూడియోలో రాసిన స్క్రిప్టు ఉండేది కాదు. కథ ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది అన్నది తేల్చుకునేవాళ్ళు, మధ్యభాగం దానంతట అదే పుడుతుందన్న నమ్మకంతో షూటింగుకి దిగేవాళ్ళు. గ్యాగులు, అంటే నవ్వు పుట్టించే బిట్లు, ఆలోచించడానికి క్లైడ్ బ్రక్‌మన్, జీన్ హావెజ్, జోసెఫ్ మిచెల్. కెమెరాకి ఎల్జిన్ లెస్లీ. ఏ యంత్రం కావాలన్నా కట్టి చూపించే ఫ్రెడ్ గాబూరీ. ఈ గాబూరీ పేరు సినిమా పుస్తకాల్లో ఒక వాక్యం దాటదు. నాకది అన్యాయంగా తోస్తుంది. తిరిగే ఇల్లు, కూలే గోడ, మునిగే పడవ అన్నీ అతని చేతి పనులే. పని ఎక్కడైనా ముడిపడితే అందరూ బయటికొచ్చి బేస్‌బాల్ ఆడేవాళ్ళు. ఎవరికో ఆలోచన తట్టగానే బ్యాటు పడేసి లోపలికి పరుగు. గంటకి ఇంత ఖర్చు అని లెక్క చూసే మనిషి పక్కన నిలబడి ఉంటే ఇది జరగదు.

‘ది ప్లేహౌస్’ (1921) చూడండి. నాటకశాల స్టేజి మీద తొమ్మిది మంది వరసగా కూర్చుని ఉంటారు, తొమ్మిది మందీ కీటనే. అప్పట్లో కంప్యూటరు లేదు, ల్యాబులో కలిపే పద్ధతి కూడా ఇంత శుభ్రంగా రాదు. కెమెరా ముందు వెలుతురు చొరని పెట్టె ఒకటి బిగించారు. దానికి నిలువు పట్టీల్లా తొమ్మిది తలుపులు. ఒక తలుపు తెరిచి, మిగతావి మూసి, ఒక కీటన్‌ని తీస్తారు. ఫిల్ముని వెనక్కి తిప్పి, రెండో తలుపు తెరిచి రెండో కీటన్‌ని తీస్తారు. అలా తొమ్మిదిసార్లు, ఒకే ఫిల్ము ముక్క మీద. అన్నిటికన్నా కష్టం చేతిది. ఆ కెమెరా మోటారుతో నడవదు, లెస్లీ చేత్తో పిడి తిప్పాలి. మూడోసారి తిప్పినప్పుడు వేగం కొంచెం మారినా మూడో మనిషి పక్కవాళ్ళతో తాళం తప్పుతాడు. ఎనిమిదోసారి తప్పితే ముందరి ఏడు కూడా చెత్తబుట్టలోకే. కీటన్ తాళం పట్టుకుని కదిలేవాడు, లెస్లీ తాళం పట్టుకుని తిప్పేవాడు. అప్పటికి కీటన్ చీలమండ విరిగి కోలుకుంటున్నాడు కాబట్టి ఫీట్లు తక్కువగా ఉండే సినిమా కావలసి వచ్చింది. ఒళ్ళు సహకరించకపోతే కెమెరాతో ఆడాడన్నమాట.

‘షెర్లాక్ జూనియర్’లో (1924) ఇంకో మెట్టు ఎక్కాడు. సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపే కుర్రాడు కలలో తెరలోకి నడిచి వెళ్తాడు. అతను మాత్రం అలాగే ఉంటాడు, చుట్టూ దృశ్యం మారిపోతుంటుంది. బెంచీ మీద కూర్చోబోతే వీధి, రాయి మీద నుంచి సముద్రంలో దూకితే కింద మంచు. ఇది అతకాలంటే ప్రతి కొత్త చోటా కెమెరాకీ మనిషికీ మధ్య దూరం, ఎత్తు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. అందుకు భూమి కొలిచే సర్వే పరికరాలు తెచ్చి కొలిచారు. ముందటి షాటు చివరి ఫ్రేముని కెమెరాలో పెట్టుకుని, ఆ బొమ్మలోని భంగిమతో సరిపోయేదాకా కీటన్‌ని అంగుళం అటూ ఇటూ జరిపేవారు.

అదే సినిమాలో ఒక లెక్క తప్పింది. రైలు పెట్టెల మీద పరుగెత్తి, ఇంజన్లకు నీళ్ళు పట్టే ట్యాంకు గొట్టానికి వేలాడుతూ దిగాలి. గొట్టం కిందికి రాగానే నీళ్ళు దూకుతాయి. ఆ గొట్టం ఇంజను ట్యాంకుని త్వరగా నింపడానికి చేసినది, మనిషి మీద పోయడానికి కాదు. ఆ ఉధృతికి కీటన్ పట్టాల మీద పడి మెడ వెనక భాగం ఇనుముకి కొట్టుకుంది. లేచి పరుగెత్తాడు, ఆ షాటు ఇప్పటికీ సినిమాలో ఉంది. కొన్నాళ్ళు విపరీతమైన తలనొప్పి. ఏళ్ళ తర్వాత ఇంకేదో పరీక్షకి ఎక్స్‌రే తీస్తే డాక్టరు చూసి, మీ మెడ ఎప్పుడో విరిగి అతుక్కుందని చెప్పాడు.

ఇలాంటివి చదివి కీటన్‌ని తెగించిన ఫీట్ల వీరుడిగా పొగిడేవాళ్ళున్నారు. వాళ్ళతో కూడా నాకు పేచీయే. తెగింపు ఉన్నవాళ్ళు ఆ రోజుల్లో హాలీవుడ్ నిండా ఉన్నారు. కీటన్‌ని విడిగా నిలబెట్టింది, చేసిన దాన్ని పారేయగల ధైర్యం. ‘ది నావిగేటర్’కి (1924) షెంక్ కంపెనీ ‘బ్యుఫోర్డ్’ అనే పాత ఓడని 25,000 డాలర్లకి తీసుకుంది. అందులో కీటన్ డైవరు దుస్తులు వేసుకుని నీళ్ళ అడుగున ఓడ బాగు చేసే ఘట్టం ఉంది. మొదట రివర్‌సైడ్ ఊళ్ళో ఈత కొలనులో తీద్దామనుకున్నారు. లోతు చాలక గోడలు పెంచి నీళ్ళు నింపితే ఆ అదనపు బరువుకి కొలను అడుగు పగిలింది. కాటలీనా దీవి దగ్గర సముద్రంలో ప్రయత్నిస్తే నీళ్ళు పాలలా తెల్లబారి ఏమీ కనపడలేదు. చివరికి టాహో సరస్సుకి వెళ్ళారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి గానీ మంచులా చల్లగా ఉన్నాయి. కెమెరామన్లు కూర్చునే పెట్టెకి ముందు గాజుపలక. లోపలి మనుషుల ఒంటి వేడికి గాజు మసకబారేది. పెట్టెలోపల మంచుగడ్డలు పేర్చి, లోపలి చలి బయటి నీటి చలితో సమానం చేస్తే గాని గాజు తేట పడలేదు. కీటన్ అడుగున ఒక్కోసారి అరగంటకి మించి ఉండలేకపోయేవాడు.

ఇంత అవస్థ పడి తీసిన వాటిలో అతను బాగా ఇష్టపడ్డ గ్యాగు ఒకటి. వేయికి పైగా రబ్బరు చేపలు గుంపుగా పోతుంటాయి, ఒక పెద్ద చేప దాటలేక ఆగి ఉంటుంది. కీటన్ నక్షత్రచేపని ఛాతీకి బ్యాడ్జీలా తగిలించుకుని ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తి ఆపుతాడు. సినిమా రాబోతోందని చూపించే ప్రకటన రీల్లో ఇది వేస్తే హాలంతా నవ్వింది. అసలు సినిమా ప్రివ్యూలో వేస్తే చప్పుడు లేదు. కారణం వెతికారు. పైన ఓడ మీద అమ్మాయి ప్రమాదంలో ఉంది. ఆమెని కాపాడటానికి దిగినవాడు చేపలతో ఆటలాడుతుంటే ప్రేక్షకుడికి కోపం వస్తుంది, నవ్వు రాదు. ఘట్టం తీసి పారేశారు. అంత డబ్బూ, అంత చలీ పోయాయి.

దీనికి సరిగ్గా ఎదురు జరిగింది ‘సెవెన్ ఛాన్సెస్’లో (1925). పెళ్ళికూతుళ్ళ గుంపు తరుముతుంటే కీటన్ కొండ దిగి పరుగెత్తే ఘట్టం ప్రివ్యూలో పేలవంగా ముగిసింది. కానీ ముగింపులో అనుకోకుండా జనం నవ్వారు. ఎందుకని ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వేసుకుని చూశారు. కాలు తగిలి మూడు రాళ్ళు దొర్లి అతని వెనక పడ్డాయి, అంతే. తిరిగి వెళ్ళి కోడిగూడుకి వాడే ఇనుప వలతో, నానబెట్టిన కాగితపు గుజ్జుతో 1,500 రాళ్ళు చేయించారు. పంపరపనసకాయంత దాని నుంచి ఎనిమిది అడుగుల బండ వరకు. ఈరోజు ఆ సినిమా పేరు చెప్తే గుర్తొచ్చేది ఆ రాళ్ళ వానే. తీసింది జనానికి చూపించి, వాళ్ళు నవ్విన చోటు గుర్తు పెట్టుకుని, వెనక్కి వెళ్ళి మళ్ళీ తీసే వీలు ఉండబట్టి అది పుట్టింది. ఈ మాట గుర్తుంచుకోండి, ఎంజీఎం దగ్గరికి వచ్చినప్పుడు కావాలి.

‘ది జనరల్’ అతనికి అన్నిటికన్నా ఇష్టమైన సినిమా. 1862 ఏప్రిల్‌లో, అమెరికా అంతర్యుద్ధంలో, ఉత్తరాది మనుషులు దక్షిణాది రైలింజనుని ఎత్తుకుపోయిన నిజ సంఘటన దాని మూలం. ఆ కాలపు రైలుదారి పోలిక కోసం ఒరెగాన్ రాష్ట్రంలో కాటేజ్ గ్రోవ్ అనే కలప ఊరికి వెళ్ళి 1926లో తీశారు. ఒరెగాన్ సైనికదళం వాళ్ళు 500 మంది రెండు పక్షాల సిపాయిలుగానూ నటించారు, బట్టలు మార్చుకుని తమని తామే తరుముకున్నారు. కట్టెలతో నడిచే ఇంజన్ల నిప్పురవ్వలకి అడవి అంటుకుంటే ఆ సిపాయిలే షూటింగు కోట్లతో మంటలు కొట్టి ఆర్పారు.

అందులో ఒక చిన్న షాటు ఉంది, చూసేవాళ్ళు చిరునవ్వుతో దాటేస్తారు. ప్రేమలో ఓడిన హీరో ఇంజను చక్రాల్ని కలిపే పొడుగాటి ఇనుప కడ్డీ మీద కూర్చుంటాడు. ఇంజను మెల్లగా కదులుతుంది. కడ్డీతో పాటు అతను పైకీ కిందికీ వలయంగా తిరుగుతూ షెడ్డులోకి వెళ్ళిపోతాడు, తను కదులుతున్నానని గమనించకుండానే. ఇందులో ప్రమాదం ఎక్కడుందో ఆవిరి ఇంజన్లు తెలిసినవాళ్ళకి వెంటనే తడుతుంది. నిలబడ్డ ఇంజనుకి ఆవిరి కాస్త ఎక్కువ వదిలితే చక్రాలు పట్టా మీద పట్టు జారి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. ఆ తిరుగుడుకి కడ్డీ మీది మనిషి ఎటు ఎగిరిపోతాడో చెప్పలేం. కాబట్టి ఆ షాటులో అసలు నటుడు డ్రైవరు చెయ్యి. ఇంకోచోట ఇంజను ముందు, పట్టాల మీది అడ్డాల్ని తోసెయ్యడానికి ఉండే ఇనుప చట్రం మీద కూర్చుని ఒక స్లీపరు దుంగని ఒళ్ళో పెట్టుకుంటాడు. పట్టా మీద అడ్డంగా ఇంకో దుంగ. చేతిలోది సరిగ్గా దాని చివర మీదికి విసిరితే అది తూగుబల్లలా లేచి పక్కకి పోతుంది. చివర తప్పి మధ్యలో పడితే రెండు దుంగలూ చక్రాల కిందే. చిన్న ఫిరంగి గుండు నేరుగా ఇంజను క్యాబులో వచ్చి పడే షాటుకి మందుపొడిని పట్టకారుతో పలుకులు లెక్కపెట్టి వేశానని చెప్పాడు.

1926 జూలై 23న మండుతున్న వంతెన మీద నిజమైన ఇంజను నదిలో కూలింది. 42,000 డాలర్ల ఖర్చు, రెండో టేకు లేదు. మూకీ యుగంలో అత్యంత ఖరీదైన షాటు అంటారు. నాకు దాని కంటే దాని తర్వాతి షాటు గొప్పగా అనిపిస్తుంది: వంతెనకేం కాదు, వెళ్ళమని ఆజ్ఞ ఇచ్చిన అధికారి ముఖం. అన్ని వేల డాలర్లు ఆ ఒక్క వెర్రిచూపుని నిలబెట్టడానికి పోశాడు. సినిమాకి దాదాపు ఏడున్నర లక్షల డాలర్లు అయితే అమెరికాలో ఐదు లక్షలు కూడా రాలేదు. విమర్శకులూ మెచ్చలేదు. షెంక్ చెయ్యి వెనక్కి తీసుకోవడం ఇక్కడి నుంచే మొదలైందని నేననుకుంటాను.

‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928) గోడ గురించి అందరికీ తెలుసు. తుఫానులో ఇంటి ముందుగోడ మొత్తం కీటన్ మీద పడుతుంది, పై అంతస్తు కిటికీ ఖాళీలో నిలబడి ఉన్నందువల్ల బతుకుతాడు. అది ఎలా కట్టారో తక్కువమందికి తెలుసు. ముందు గోడ చట్రాన్ని నేల మీద పడుకోబెట్టారు. కీటన్ నిలబడే చోట అతని చుట్టూ కిటికీ కొలత తీశారు: భుజాలకి చెరో పక్క రెండు అంగుళాలు, తల దగ్గర రెండు, మడమల వెనక రెండు. మడమలు ఆనే చోట నేలలో పెద్ద మేకులు దిగ్గొట్టారు. తర్వాత కింద కీళ్ళు బిగించి గోడని పైకి లేపి, పలకలు వేసి, రంగు కొట్టి, అప్పుడు ఇల్లు పూర్తి చేశారు. మొత్తం బరువు రెండు టన్నులు. అంత బరువు దేనికంటే, తేలికైన గోడ పడేటప్పుడు గాలికి మెలి తిరుగుతుంది. మెలి తిరిగితే కిటికీ రెండు అంగుళాలు జరుగుతుంది. బరువే రక్షణ. తుఫాను గాలికి విమానపు ఇంజన్లు బిగించిన పంకాలు ఆరు పెట్టారు. వాటి గాలి ముందూ వెనకా దుమ్ము లేపాలి గానీ పడుతున్న గోడకి మాత్రం తగలకూడదు. ఇవన్నీ కుదిరాక కీటన్ చెయ్యవలసింది ఒక్కటే, కదలకుండా నిలబడటం. ఈ గ్యాగు అతనికి కొత్త కాదు. 1919లో ఆర్బకిల్‌తో చేసిన ‘బ్యాక్ స్టేజ్’లో నాటకం తెరతో, 1920లో సొంత సినిమా ‘వన్ వీక్’లో తేలికపాటి గోడతో చేసి చూశాడు. తొమ్మిదేళ్ళు సానబెట్టిన బిట్టు అది.

ఆ ఏడాదే షెంక్ తన స్వతంత్ర యూనిట్ మూసేసి కీటన్‌ని ఎంజీఎంకి వెళ్ళమన్నాడు. చాప్లిన్, ఇంకో మూకీ హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ ఇద్దరూ వద్దని చెప్పారు. వాళ్ళ మాట వినకపోవడం తన జీవితంలో పెద్ద తప్పని కీటన్ చివరిదాకా అన్నాడు. వారానికి 3,000 డాలర్లు. మొదటి సినిమా ‘ది కెమెరామన్’కి పాత పద్ధతిని కొంత కాపాడుకోగలిగాడు కాబట్టి అది బాగుంది. తర్వాత ఒక్కొక్కటే ఊడింది. బృందం వేరే వేరే సినిమాలకి చెల్లాచెదురైంది. కథ ముందే కాగితం మీద పూర్తి కావాలి, పైవాళ్ళు ఆమోదించాలి. ఖరీదైన నటుడికి దెబ్బ తగిలితే నష్టమని ఫీట్లు వద్దన్నారు. గ్యాగు కుదరకపోతే బేస్‌బాల్ ఆడే రోజులు పోయాయి. కాగితం మీద రాయలేని నవ్వుకి అక్కడ చోటు లేదు. మూడు రాళ్ళు దొర్లడాన్ని ఏ రచయిత ముందుగా రాయగలడు?

ఇక మాట సంగతి. కీటన్ గొంతు బొంగురుగా, నేలబారుగా, ఆ ముఖానికి అతికినట్టు ఉంటుంది. ఐదేళ్ళ నుంచీ స్టేజి మీద మాట్లాడినవాడు. ఎంజీఎం టాకీల్ని వేరే భాషల్లోనూ తీసినప్పుడు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ డైలాగుల్ని ఉచ్చారణ పట్టుకుని తనే చెప్పాడు. ఆ టాకీలు డబ్బులు కూడా తెచ్చాయి, అదే అతని ప్రాణానికొచ్చింది, ఎందుకంటే లాభం వచ్చే పద్ధతిని స్టూడియో ఎందుకు మారుస్తుంది? చెడింది పాత్ర. తన సినిమాల్లో కీటన్ ఆపదలో పడ్డ తెలివైనవాడు, చేతికందిన వస్తువుతో దారి కనుక్కునేవాడు. ఎంజీఎం అతన్ని ఎల్మర్ అనే అమాయకుడిగా మార్చి, జాలి పడమంది. జిమ్మీ డ్యురాంటె అనే వాగుడుకాయని జంటగా తగిలించింది. కీటన్ టాకీని ఊహించుకున్న తీరు వేరు: అవసరమైన చోట మాట్లాడదాం, మిగతా చోట నోరు మూసుకుని పని చేద్దాం. అది తీసి చూపించే వీలు రాలేదు.

తాగుడు సంగతి దాటేయను. 1932లో నాటలీ టాల్మడ్జ్‌తో విడాకులై ఇల్లు పోయింది, ఇద్దరు కొడుకుల ఇంటిపేరు కూడా మారింది. షూటింగులకి రాని రోజులున్నాయి. 1933లో ఎంజీఎం తీసేసిందంటే అందులో అతని తప్పు ఉంది. కానీ వరస చూడాలి. స్టూడియో 1928లో పోయింది, మనిషి ఆ తర్వాత కూలాడు. చాప్లిన్‌ని పక్కన పెట్టి చూడండి. సొంత స్టూడియో, సొంత పెట్టుబడి ఉన్నాయి గనక టాకీలు వచ్చాక కూడా 1936లో ‘మోడరన్ టైమ్స్’ని దాదాపు మూకీగా తీశాడు, 1940 దాకా పూర్తి టాకీ జోలికి పోలేదు. కీటన్‌కి ఆ ఒక్క వాటా కాగితం ఉంటే?

కెమెరా చప్పుడు మైకుల్లో పడకుండా కొత్తలో దాన్ని గదిలో బంధించిన మాట నిజమే. అది రెండు మూడేళ్ళ ఇబ్బంది, ఆ తర్వాత కెమెరా బయటికొచ్చింది. కీటన్ మాత్రం రాలేదు. చౌక కంపెనీల రెండు రీళ్ళ సినిమాలు చేశాడు, అదే ఎంజీఎంలో తక్కువ జీతానికి ఇతరులకి గ్యాగులు అందించాడు. 1940లో ఎలినార్ నోరిస్‌ని పెళ్ళి చేసుకున్నాక జీవితం నిలదొక్కుకుంది. పారిస్ సర్కస్‌లో, టీవీలో పని దొరికింది. పోగొట్టుకున్న ఇల్లు తర్వాత నటుడు జేమ్స్ మేసన్ చేతికి వస్తే అక్కడ కీటన్ సినిమాల రీళ్ళు దొరికాయి. రేమండ్ రోహవర్ అనే ప్రదర్శకుడు పాత నైట్రేట్ ఫిల్ముల్ని కాలని ఫిల్ము మీదికి ఎక్కించే పని మొదలుపెట్టాడు. నైట్రేట్ ఫిల్ము నీళ్ళలో ముంచినా మండుతుంది. మండకపోయినా బొమ్మ వెలిసి, జిగురై, చివరికి గోధుమరంగు పొడి అవుతుంది. 1921లో మద్రాసులో రఘుపతి వెంకయ్య, ప్రకాష్ తండ్రీకొడుకులు తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ ఈరోజు చూద్దామంటే ఒక్క రీలు లేదు. అదే ఏడాది ‘ప్లేహౌస్’ని మాత్రం ఫోనులో చూడొచ్చు. ఈ తేడా నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

చూసేవాళ్ళకి ఒక్క జాగ్రత్త. చేత్తో తిప్పి తీసిన సినిమాల్ని వేసేటప్పుడు వేగం సరిచూడకపోతే మనుషులు గబగబా ఎగురుతున్నట్టుంటారు, కీటన్ కొలతలన్నీ పాడవుతాయి. శుభ్రం చేసి, వేగం సరిదిద్దిన ప్రతి వెతుక్కోండి. ‘వన్ వీక్’తో మొదలుపెట్టండి, అరగంట కూడా పట్టదు. తర్వాత ‘షెర్లాక్ జూనియర్’, ఆ పైన ‘ది జనరల్’.

అవి చూశాక 1965లో కెనడా వాళ్ళు తీసిన ‘ది రైల్‌రాడర్’ చూడండి. మాటల్లేని పొట్టి సినిమా. పట్టాల మీద నడిచే చిన్న మోటారు బండి ఎక్కి కీటన్ దేశం ఈ చివర నుంచి ఆ చివరకి పోతాడు. తీస్తుండగా అతనికి 69 నిండాయి. ఎత్తయిన వంతెన మీద బండి పోతుండగా ఒక పెద్ద మ్యాపు విప్పుకుని అందులో చుట్టుకుపోవాలని అతని ఆలోచన. దర్శకుడు జెరాల్డ్ పాటర్టన్ భయపడ్డాడు, వంతెన మీద వద్దన్నాడు. గ్యాగుకి ఆ వంతెనే ప్రాణం అని కీటన్ పట్టుబట్టాడు. ఈ వాదులాట అంతా ఆ షూటింగు మీద తీసిన డాక్యుమెంటరీలో ఉంది. ఆఖరికి ఆయన చెప్పినట్టే తీశారు. కింద లోయ, సన్నటి వంతెన, గాలికి మొహం నిండా కొట్టుకుంటున్న కాగితంతో కుస్తీ పడుతూ, ఎటు పోతున్నాడో చూసుకోకుండా, చదును టోపీ పెట్టుకున్న ముసలాయన అవతలి గట్టుకి చేరతాడు.